చూపు నిలిచిన చోటు

ఉద్దానములో ఒక కొబ్బరితోట నడుమ నిలిచి నలుదిక్కులు చూడుడు. మీకు కనిపించునవి మ్రానులు. ఒక మ్రాను వెనుక మరియొక మ్రాను, దాని వెనుక ఇంకొకటి. తల యెత్తినచో మట్టల సందున ఆకాశపు తునుకలు. ప్రక్కనున్న పనసచెట్టు కాయ పట్టినదో లేదో తెలియును. కాని సముద్రము ఎంత దూరమున ఉన్నదో కన్ను చెప్పజాలదు; అలల మ్రోతను బట్టి చెవియే చెప్పవలెను. ఇప్పుడు బారువలోని లైట్‌హౌసు వంటి ఎత్తయిన కట్టడము మీదికి ఎక్కినట్లు భావించుడు. ఆ మ్రానులన్నియు కలిసి ఒక పచ్చని పట్టీగా మారిపోవును. ఒక ప్రక్క ఇసుక, దాని కావల సముద్రము. వేరొక ప్రక్క దూరమున మహేంద్రగిరి. అంతయు ఒక్క చూపున అందును. కాని మీరు ఇంతకు ముందు నిలిచిన చెట్టు ఏది? ఆ పనసకాయ ఎక్కడ?

ఉద్దానము ఉన్నట్లే ఉన్నది. చూపు నిలిచిన చోటు మారినది. దానితోపాటు మనకు తెలిసినదియు మారినది, తెలియక పోయినదియు మారినది.

దీనికి ఒక లెక్క కూడ కలదు. సముద్రపు టొడ్డున నిలిచిన మనిషి కన్ను నేలకు 1.6 మీటర్ల ఎత్తున ఉన్నచో, ఆకాశము నీటిని తాకినట్లు తోచు రేఖ అతనికి దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల దూరమున ఉండును. 25 మీటర్ల ఎత్తు నుండి చూచువానికి ఆ రేఖ ఇంచుమించు 18 కిలోమీటర్లకు జరుగును. సుమారు 1,500 మీటర్ల ఎత్తుగల మహేంద్రగిరి శిఖరము నుండి, గాలి తేటగా ఉన్న దినమున, అది 130 కిలోమీటర్లు దాటిపోవును. కన్ను ఎంత పైకి పోయిన అంత విశాలము. అయితే ఆ మేరకు ప్రతి వస్తువు అంత చిన్నది.

కొండ మీదను, తోట లోపలను మన కాళ్ళు ఎక్కడ ఉన్నవో చూపు అక్కడనే ఉండును. కాని ఇటీవలి కాలమున కంప్యూటరు సాయముతో కల్పిత ప్రపంచములు నిర్మింపబడుచున్నవి. వీనినే వర్చువల్ రియాలిటీ అందురు. రెండు కన్నులకు రెండు చిన్న తెరలు గల ఒక సాధనమును తలకు తొడుగుకొన్నచో, ఎదుట ఒక లోకము కనిపించును. తల కుడి వైపునకు త్రిప్పిన ఆ లోకములోని కుడి వైపు కనబడును. వంగిన నేల దగ్గరకు వచ్చును. మన యిండ్లలో పిల్లలు సెల్‌ఫోనుపై ఆడు ఆటలు కూడ ఈ జాతికి చెందినవే, తెర చిన్నది యగుట మాత్రమే భేదము. ఇట్టి లోకమును కట్టువాడు గోడలు, చెట్లు, ఇండ్లు నిలుపుటకు ముందే ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలెను: చూచువాని కన్నును ఎక్కడ నిలుపవలెను? ఆ నిర్ణయము వలన మనిషి అనుభవము ఎట్లు మారును, మన ఉద్దానము వంటి తీరమునకు అది ఎందుకు ముఖ్యమగును అనునదే ఈ ప్రసంగ విషయము.

ఈ సంగతికి కావలసిన మాటలు మన వ్యాకరణములోనే ఉన్నవి. "నేను నడచితిని" అనునది ఉత్తమ పురుష. "అతడు నడచెను" అనునది ప్రథమ పురుష. కల్పిత ప్రపంచములోను ఇవియే రెండు చూపులు. లోకమంతయు పాత్ర కన్నులలో నుండి కనబడి, మన చేతులు మాత్రము ఎదుట అగుపడినచో అది ఉత్తమ పురుష దృష్టి. మన పాత్ర ఎదుట నడచుచుండగా, వెనుక నుండి గాని పై నుండి గాని దానిని మనము చూచుచున్నచో అది ప్రథమ పురుష దృష్టి. ఆంగ్లేయుల లెక్క "నేను"తో మొదలగును గనుక వారు దీనికి విపరీతముగా చెప్పుదురు. వారి మొదటి పురుష మనకు ఉత్తమ పురుష యని గుర్తుంచుకొన్న చాలును.

ఈ రెంటి నడుమ రాకపోకలు సాగించు విద్య మన ఉత్తరాంధ్రకు క్రొత్త కాదు. జముకుల కథ చెప్పు కథకుని చూచినవారికి ఇది తెలియును. "రాజు కోట దిగి వచ్చుచున్నాడు" అని దూరము నుండి చెప్పుచున్న మనిషి, మరుక్షణమున రొమ్ము విరిచి తానే రాజై పలుకును. అంతవరకు కోటను పై నుండి చూచిన సభవారు ఒక్కసారిగా కోట వాకిట నిలుతురు. కథకుడు మరల వెనుకకు తగ్గి "అని అన్నాడు" అనగానే మరల పైకి పోవుదురు. ఏ ఘట్టమున లోపలికి తీసికొని పోవలెనో, ఏ ఘట్టమున వెలుపలికి తేవలెనో ఎరిగినవాడే మంచి కథకుడు.

రేడియో నాటకములోను ఇదియే జరుగును. రేడియోలో కన్నునకు పని లేదు; కాని శ్రోత చెవిని ఎక్కడనో ఒకచోట నిలుపక తప్పదు. ఆ చోటు మైక్రోఫోను. నటుడు దానికి దగ్గరగా వచ్చి మెల్లగా పలికినచో అతడు మన చెంతనే కూర్చుండి చెప్పుచున్నట్లుండును. దూరముగా నిలిచి పిలిచినచో మనము వాకిట ఉండగా అతడు వీధి చివర నున్నట్లు తోచును. అలల మ్రోత ముందు వచ్చి మనుష్యుల మాటలు వెనుక వినబడిన, మనము నీటి అంచున ఉన్నాము. మాటలు ముందు, మ్రోత వెనుక వచ్చిన, ఊరిలో ఉన్నాము. తెర లేని ఈ కల్పిత ప్రపంచములో శ్రోతలు ఎన్నో యేండ్లుగా తిరుగుచునే ఉన్నారు.

కన్నునకు గూడ ఇట్టి మాయను కల్పింపవలెనను కోరిక అరువది యేండ్లకు పైబడినది. అమెరికాలో మార్టన్ హైలిగ్ అను చలనచిత్ర కళాకారుడు 1962లో సెన్సొరామా అను యంత్రమునకు పేటెంటు పొందెను. అందు కూర్చున్న మనిషికి మోటారు సైకిలుపై నగర వీధులలో పోవుచున్నట్లు దృశ్యము కనబడును. ఆసనము అదరును, ముఖమునకు గాలి తగులును, వాసనలు కూడ సోకును. అయితే తల త్రిప్పిన దృశ్యము మారదు. ఆ కొరతను తీర్చినవాడు ఐవన్ సదర్లాండు. ఆయన 1968లో ప్రదర్శించిన సాధనము తలకు తగిలించుకొనునది. తల కదలికను కొలుచుటకు పై కప్పు నుండి ఒక లోహపు చేయి వ్రేలాడుచుండెడిది. అందు కనబడినవి గీతలతో గీసిన ఆకృతులే. అయినను మనిషి తల కదలినకొలది ఆ ఆకృతులు స్థిరముగా గాలిలో నిలిచియున్నట్లు తోచినవి. దృశ్యము చూచువాని కన్నునకు లోబడినది; ఈనాటి సాధనములన్నింటికిని మూలము ఇదియే.

ఇక కన్ను ఎత్తు సంగతి చూతము. భావనపాడు ఇసుక మీద సమతలమున నిలిచి సముద్రము వైపు చూచుచు, మీ యెదుట నిలిచిన మనుష్యులను గమనింపుడు. మీయంత పొడవుగల వారందరి కన్నులును, దగ్గరివారైనను దూరపువారైనను, సరిగా ఆకాశము నీటిని తాకిన రేఖ మీదనే ఉండును. మీకంటె పొట్టివారి తలలు ఆ రేఖకు దిగువను, పొడుగువారి తలలు ఎగువను ఉండును. అనగా మన కంటి ఎత్తు ఒక కొలబద్ద. మనకు తెలియకయే ప్రతి వస్తువును ఆ కొలబద్దతో కొలుచుచున్నాము. కల్పిత తోటలో చూపును మూడు మీటర్ల ఎత్తున నిలిపినచో, మనస్సు ఆ యెత్తును తనదిగా భావించును. గుడిసెలు బొమ్మరిండ్లవలె, కొబ్బరిచెట్లు పొట్టివిగా తోచును. చెట్ల కొలతలో తప్పులేదు, చూపు నిలిపిన చోటులోనే తప్పున్నది. కుర్చీలో కూర్చున్న మనిషికి నిలువబడినవాని చూపును ఇచ్చినపుడు కూడ కొందరికి ఇట్టి తేడా తోచుచుండును.

స్టాక్‌హోములోని పరిశోధకులు 2011లో ఈ విషయమును వింతయైన రీతిలో పరీక్షించిరి. పడుకొనియున్న మనిషి తన శరీరము వైపు చూచినపుడు, తెరలో తన శరీరమునకు బదులు ఒక బొమ్మ శరీరము కనబడునట్లు చేసిరి. ఆ బొమ్మలలో ఒకటి 30 సెంటీమీటర్లది, ఒకటి నాలుగు మీటర్లది. తన కాలిని తాకిన క్షణముననే బొమ్మ కాలిని తాకుట చూచిన మనిషి, కొంతసేపటికి ఆ బొమ్మ శరీరమే తనదని భావింపసాగెను. అప్పుడు చిన్న బొమ్మయైనవానికి ఎదుటి వస్తువులు పెద్దవిగాను దూరముగాను, పెద్ద బొమ్మయైనవానికి చిన్నవిగాను దగ్గరగాను తోచినవి. బార్సిలోనా పరిశోధకులు 2013లో పెద్దలకు నాలుగేండ్ల శిశువు రూపమును కల్పిత ప్రపంచములో ఇచ్చి చూచిరి. శిశువు రూపము దాల్చినవారు వస్తువులను ఉన్నదానికంటె పెద్దవిగా అంచనా వేసిరి. అంతే పొట్టిగా కుదించిన పెద్దమనిషి రూపము దాల్చినవారు కూడ అట్లే వేసిరి గాని, అంతగా కాదు. కనుక ఎత్తు ఒక్కటియే చాలదు. "నేను ఎవరిని" అను భావము కూడ కొలతను మార్చును.

చూపును శరీరము నుండి విడదీసిన ఏమగును? 2007లో వెలువడిన ప్రయోగములలో మనిషి వెనుక కెమెరాలు ఉంచి, అవి చూచు దృశ్యమును అతని కన్నులకు చూపిరి. అతడు తన వీపును తానే చూచుకొనెను. కొన్ని తాకిళ్ళతో కన్నును స్పర్శను కలిపినంతనే, తాను తన శరీరము వెనుక, కెమెరా ఉన్నచోట కూర్చున్నట్లు అతనికి తోచెను. "నేను ఇక్కడ ఉన్నాను" అని మనము ఇంత ధీమాగా అనుకొను భావము చూపు నిలిచిన చోటును అంటిపెట్టుకొని యుండునని దీని వలన తెలియుచున్నది.

ఇక చేతిపనులు నేర్చుకొనుటకు ఏ చూపు తగినదో మన పలాస జీడిపప్పు పరిశ్రమ నుండి ఒక ఉదాహరణము తీసికొందము. ఉడికించి ఆరబెట్టిన జీడిపిక్కను కత్తుల నడుమ నిలిపి, కాలితో మీట నొక్కి, పెంకును రెండుగా విడదీయుదురు. పిక్క కొంచెము వంకర పడినను గుండు పప్పు బద్దలగును, ధర తగ్గును. పెంకులోని నూనె చర్మమునకు తగిలిన కాల్చును. ఈ పనిని క్రొత్తవారికి కల్పిత ప్రపంచములో నేర్పవలెనన్న చూపును ఎక్కడ నిలుపవలెను? నేర్పరి యెదుట నిలిపినచో ఆమె కుడి చేయి నేర్చుకొనువారి ఎడమ ప్రక్కకు వచ్చును. ప్రతి కదలికను మనస్సులో త్రిప్పుకొనవలెను. ఆ తడబాటులో వ్రేలు కత్తి దగ్గరకు పోవచ్చును. నేర్పరి కన్నులలో నుండియే చూపినచో చేయి చేతిగా, ఎడమ ఎడమగా అందును. చేతిపనికి ఉత్తమ పురుషయే మేలు. కాని కూర్చున్న తీరు, నడుము వంపు, కాలు మీటపై ఉంచిన విధము తెలియవలెనన్న ప్రక్క నుండి చూడక తప్పదు. తన వీపును తాను చూడగలవాడెవడు?

తావుల జ్ఞానమును గూర్చి 1982లో వెలువడిన ఒక పరిశోధన ఇప్పటికిని ప్రమాణముగా చెప్పబడుచున్నది. థార్న్‌డైక్, హేస్-రాత్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలో ఒక పెద్ద కార్యాలయ భవనమును తీసికొని, దానిని పటము చూచి నేర్చినవారిని, అందు పనిచేయుచు తిరిగి నేర్చినవారిని పోల్చిరి. రెండు తావుల నడుమ నేరుగా ఎంత దూరము అన్నచో, పటము చూచినవారు మేలుగా చెప్పిరి. భవనము తిరుగుట క్రొత్తవారి సంగతి అట్లు కాదు. నడచిన దారి ఎంత పొడవు, ఇచ్చట నిలిచి ఫలానా గది ఏ దిక్కున అన్నచో, తిరిగినవారు మేలుగా చెప్పిరి. ఏండ్ల తరబడి తిరిగినవారికి మాత్రము రెండు జ్ఞానములును అబ్బినవి. టెక్కలి నుండి తేలినీలాపురము పోయి పక్షులను చూచు యాత్రికునకు పటము చాలును. చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకొను ఆ పక్షుల నడుమ పుట్టి పెరిగిన పిల్లవానికి పటముతో పనిలేదు. ఏ సందు ఎక్కడికి తేలునో వాని కాళ్ళకు తెలియును. కాని ఊరికి ఉప్పునీటి నేలలు ఎంత దగ్గరనో ఒక్క చూపున తెలిసికొనవలెనన్న వాడును పటమును అడుగవలసినదే.

చూపు విషయమున ఇంకొక చిక్కు కలదు, అది కడుపునకు సంబంధించినది. మన చెవి లోపల శరీరపు కదలికను తెలుపు అంగము ఒకటి కలదు. పడవలో క్రొత్తగా ఎక్కినవాడు చెక్కల వైపు చూచుచు కూర్చున్నచో, "కదలుట లేదు" అని కన్ను, "ఊగుచున్నావు" అని చెవి చెప్పును. ఆ తగవులో వానికి వాంతి వచ్చును. అందుచే దూరపు తీరము వైపు చూడుమని అనుభవజ్ఞులు చెప్పుదురు. కల్పిత ప్రపంచములో ఇది తలక్రిందులగును: కన్ను "పరుగెత్తుచున్నావు" అనును, కుర్చీలో ఉన్న శరీరము "లేదు" అనును. మనిషి తల కదపకయే చూపును ముందుకు లాగుట, గిరగిర త్రిప్పుట ఈ వికారమునకు ముఖ్య కారణములు. అందువలననే అనేక నిర్మాతలు నడకకు బదులు ఒక చోటు నుండి మరియొక చోటునకు చూపును ఒక్కసారిగా మార్చుదురు. లేదా కదలుచున్నంతసేపు దృశ్యపు అంచులను చీకటి చేసి ఇరుకు పరచుదురు. చూపు ఎక్కడ ఉన్నది అనునది ఎంత ముఖ్యమో, దానిని ఎవరు కదుపుచున్నారు అనునదియు అంత ముఖ్యము.

ఇంతవరకు చెప్పినది కొలతలకు, చేతిపనులకు, దారులకు సంబంధించినది. ప్రాణములకును జీవనాధారములకును సంబంధించిన సంగతి ఒకటి ఉన్నది. ఉద్దానమువారికి దానిని గుర్తు చేయనక్కర లేదు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున, నాలుగున్నర అయిదున్నర గంటల మధ్య, తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గాలి వేగము గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. ఒక్కొక్క విసురు 165 కిలోమీటర్ల వరకు. తిత్లీ యనగా సీతాకోకచిలుక. ఆ తుపానును దేశమంతయు చూచినది ఉపగ్రహ చిత్రములలో. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన కన్నులకు అది సముద్రము పైన తిరుగు ఒక తెల్లని సుడి. ఏ దిక్కునకు పోవుచున్నది, ఎంత పెద్దది, ఎప్పుడు చేరును అను ప్రశ్నలకు ఆ చూపు లేక సమాధానము లేదు. ముందుగా హెచ్చరింపగలుగుట, జనులను తరలింపగలుగుట ఆ చూపు పెట్టిన భిక్షయే. కాని ఆ చిత్రములో పలాస ఒక చుక్క, కొబ్బరితోట చుక్క కూడ కాదు.

అదే వేళ ఉద్దానములో ఇంటి లోపల ఉన్నవారి అనుభవము వేరు. తెల్లవారని చీకటిలో వచ్చిన ఆ గాలిని కన్నులార చూడగలిగినవారు తక్కువ. చెవులారా విన్నవారే ఎక్కువ. వెలుగు వచ్చిన పిమ్మట కనబడినది తోటలు నేలకొరిగిన దృశ్యము. కొబ్బరి, జీడిమామిడి, పనస, ఏండ్లు పెంచిన చెట్లు. నాటు కొబ్బరి కాపునకు రావలెనన్న ఆరేడు సంవత్సరములు పట్టును. పై నుండి చూచువానికి అది ఇన్ని వేల హెక్టార్లు. లోపల నిలిచినవానికి తండ్రి నాటిన వరుస.

ఈ రెండు చూపులలో ఏది నిజము అని అడుగుట పొరపాటు. నష్టమును లెక్కించు వేళ ఇది తేటగా తెలియును. కొబ్బరిచెట్టునకు పెరుగుదల మొన ఒక్కటే, అది తలలోని మొవ్వు. గాలికి మొవ్వు మెలిపడి చెడినచో చెట్టు మరి బ్రతుకదు. అయినను కొంతకాలము నిలిచియే ఉండును. ఆకాశము నుండి తీసిన పటములో అది నిలిచిన చెట్టు. క్రింద నిలిచి మొవ్వు వైపు చూచు రైతునకు అది పోయిన చెట్టు. కాని ఆ రైతునకు తన తోట కనబడును గాని, కవిటి నుండి వజ్రపుకొత్తూరు వరకు ఎంత మేర పోయినదో కనబడదు. ఆ మేర తెలియనిచో విత్తనపు కాయలెన్ని కావలెనో, నారుమళ్ళు ఎక్కడ వేయవలెనో నిర్ణయించుట ఎట్లు? ఒక చూపు చూడజాలనిది మరియొక చూపు చూచును.

రానున్న తుపానును ముందుగానే కల్పిత ప్రపంచములో చూపవచ్చును గదా! ఇట్టి యత్నము 2018లోనే, తిత్లీకి ఒక నెల ముందు జరిగినది. అమెరికాలో ఫ్లోరెన్స్ అను తుపాను సెప్టెంబరులో ఉత్తర కరోలినా తీరమును సమీపించుచుండగా, అక్కడి వెదర్ చానల్ అను టెలివిజను సంస్థ పటములతో తృప్తిపడక ఒక వీధిని కల్పించెను. వార్త చెప్పు వనిత ఆ వీధిలో నిలిచియుండగా ఆమె చుట్టు సముద్రపు నీరు మూడడుగులు, పిదప ఆరడుగులు, పిదప తొమ్మిదడుగులు లేచినట్లు చూపిరి. తొమ్మిదడుగుల నీరు ఆమె తలను దాటి పోయెను. "తొమ్మిదడుగుల ఉప్పెన" అను మాట అంతకు ముందును జనులు వినిరి. ఆ మాటను మనిషి ఎత్తుతో పోల్చి, నేల మీద నిలిచినవాని చూపుతో చూచుట మాత్రము వేరు.

మన తీరమునకు ఇట్టిదానిని నిర్మింపదలచినవారు రెండు జాగ్రత్తలు పాటింపవలెను. మొదటిది: ఉత్తమ పురుష దృష్టి భయమును సులభముగా కలిగించును, దారిని అంత సులభముగా చూపదు. నీరు తలను దాటుచున్నట్లు చూచిన మనిషి బెదరును. బెదరినవానికి ఎటు పోవలెనో చెప్పనిచో ఆ చూపించుట వలన ఫలమేమి? రెండవది: కల్పిత గాలిలో పది నిముషములు నిలిచి వచ్చిన అధికారి గాని, పట్టణవాసి గాని "ఉద్దానమువారి బాధ నాకు తెలిసినది" అనుకొనరాదు. ఆ సాధనము తలనుండి తీసినంతనే అతని చెట్లు అతనికి ఉన్నవి. తోట పోయినవాని అనుభవములో తరువాతి ఏడేండ్లును ఉన్నవి. వానిని ఏ తెరయు చూపజాలదు. అది తెలియవలెనన్న వానినే అడుగవలెను.

కావున చూపులను వరుసగా ఉపయోగించుట మేలు. మొదట పై నుండి: తుపాను ఎక్కడ, ఎప్పుడు, ఏ మేర. పిదప వాకిట నుండి: మన కంటి ఎత్తున, మన రేకుల కప్పునకు, మన ప్రక్కనున్న చెట్టునకు ఏమగును. మరల కొంచెము పై నుండి: మన యింటి నుండి తుపాను రక్షణ కేంద్రమునకు పోవు దారి ఏది, అందు పల్లపు చోటు ఏది. చివరకు మరల నేల మీద: ఆ దారి వెంట చీకటిలో ఒకమారు నడచి చూచుట. శిశువు ఎత్తున నిలిచినవానికి మోకాటి లోతు నీరు ఎంతయో కూడ చూపవచ్చును. పెద్దలు పిల్లలను ఎప్పుడు ఎత్తుకొనవలెనో అప్పుడు తెలియును. ఇట్టి రెండు చూపులను కలుపు ఉపాయమును వర్జీనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 1995లోనే చూపిరి. వారి కల్పిత ప్రపంచములో తిరుగువాని చేతిలో ఆ ప్రపంచపు చిన్న నమూనా ఒకటి ఉండును. చుట్టును చూచినచో తాను లోపల ఉన్నాడు. చేతిలోనికి చూచినచో పై నుండి చూచుచున్నాడు.

మన తీరమున వేటకు పోవు బెస్తలు ఈ విద్యను తమ రీతిలో ఎరుగుదురు. నడిసముద్రమున పడవలో ఉన్నవానికి చుట్టును నీరే. అయినను తీరమునగల ఎత్తయిన తాడిచెట్టును, దాని వెనుకనున్న కొండ శిఖరమును ఒక వరుసలోనికి తెచ్చుకొని, వేరొక దిక్కున మరి రెండు గురుతులను కలిపి, తానున్న చోటును మనస్సులోనే పటముపై గుర్తించుకొనును. కన్ను పడవలోనే ఉన్నది, పటము మనస్సులో ఉన్నది. తిత్లీ అనంతరము కొన్ని గురుతు చెట్లే లేకపోయిన చోట వారు క్రొత్త గురుతులను వెదకుకొనవలసి వచ్చునని ఊహింపవచ్చును.

ఇకముందు టెలివిజనులో గాని, సెల్‌ఫోనులో గాని, తలకు తొడుగు సాధనములో గాని ఏ దృశ్యము చూచినను ఒక్క ప్రశ్న వేసికొనుట అలవాటు చేసికొనుడు: ఈ కన్ను ఎక్కడ నిలిచి చూచుచున్నది? నేల మీదనా, ఆకాశముననా? నా యెత్తుననా, మరియొకరి యెత్తుననా? అది చూపుచున్నదేమో వెంటనే తెలియును. అది నిలిచిన చోటు తెలిసినచో, చూపలేనిదేమో కూడ తెలియును. తుపాను వార్త వచ్చిన రాత్రి ఆ రెండవ తెలివియే ఎక్కువ అక్కరకు వచ్చును.